చీటి లేని డబ్బా

మా బాపు నవ్వుతున్న ఫొటో మా ఇంట్లో చాలా ఏళ్లు ఒక్కటి కూడా ఉండేది కాదు. ఆయన పెళ్లి ఫొటోలో నవ్వలేదు, నా పెళ్లి ఫొటోలో నవ్వలేదు, ఊరి పోస్టాఫీసు నుంచి రిటైరైన రోజు మెడలో బంతిపూల దండ వేసినప్పుడూ నవ్వలేదు. అన్నింట్లోనూ పెదవులు బిగించుకుని, ఎవరినో పరామర్శించడానికి వచ్చినవాడిలా ఉంటాడు. మనిషి అలాంటివాడేం కాదు. మాటకు ముందొక ఎగతాళి, తర్వాతొక ఎగతాళి. నవ్వొచ్చినప్పుడు మాత్రం భుజం మీది తువ్వాల చటుక్కున నోటికి అడ్డం వెళ్తుంది.

కారణం పళ్లు. దేవరకొండ దిక్కు మా ఊళ్లో బోరింగు నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్లు ఎలా ఉంటాయో నల్లగొండ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తున్నాను. పసుపుగా మొదలై, గోధుమరంగు చారలు పడి, చివరికి నిప్పుల మీద కాల్చిన మక్కకంకిలా తయారవుతాయి. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని సర్కారు కనిపెట్టి బోరింగుకు ఎర్ర రంగు వేసేనాటికి బాపు పళ్ల సంగతి ఎప్పుడో తేలిపోయింది, మోకాళ్లు వంగడం కూడా మొదలైంది. మా ఊరి పిల్లను చూడటానికి వచ్చినవాళ్లు పాట పాడమని అడిగేవాళ్లు కాదు, ఒకసారి నవ్వమనేవాళ్లు. నన్ను చిన్నప్పుడే హాస్టల్లో వేశారు కాబట్టి ముందు పళ్ల మీద సున్నం చుక్కల్లాంటి మచ్చలతో బయటపడ్డాను.

తెలంగాణ వచ్చాక నల్లాల్లో కృష్ణ నీళ్లొచ్చాయి. నా బిడ్డ ఆ తర్వాత పుట్టింది. బోరింగు నీళ్లు చుక్క కూడా దాని నోట్లో పడలేదు. పాలపళ్లు మల్లెమొగ్గల్లా వచ్చాయి. అయినా బాపుకు నమ్మకం కుదరలేదు. "పాలపండ్లు నాయి గూడ తెల్లగనే ఉండెనట. అసలు పండ్లు రానీ, గప్పుడు తెలుస్తది" అనేవాడు. దానికి ముందు పళ్లు రెండూ ఊడిపోగానే, ఇక మా ఇంట్లో పరీక్ష ఫలితాల కోసం చూసినట్టు చూడటం మొదలైంది.

అప్పటికి అమ్మా బాపూ నల్లగొండలో మా దగ్గరే ఉంటున్నారు. నేను కరెంటాఫీసులో, మా ఆయన సూర్యాపేటలో నౌకరి. బడి నుంచి వచ్చిన పిల్లను చూసుకోవడానికి వాళ్లొచ్చారు. మాది మొదటి అంతస్తులో కిరాయి ఇల్లు. ఊడిన పన్నును ఆవు పెండలో పెట్టి ఇంటి మీదికి విసరాలి కదా, బాపు ఎక్కడెక్కడో తిరిగి పెండ సంపాదించాడు గానీ, వంగిన మోకాళ్లతో వాటం కుదరక పక్కింటి వాళ్లు ఆరేసిన బట్టల మీదికి విసిరాడు. క్షమాపణ నేను చెప్పుకున్నాను. ఆయన మాత్రం పన్ను కింద పడిందా, పైన పడిందా అని అడగడానికి మళ్లీ వాళ్లింటికి వెళ్లాడు.

అసలు కథ ఒక ఆదివారం పొద్దున మొదలైంది. పిల్ల పళ్లు తోముకోబోతుంటే బాపు పేస్టు గొట్టం చేతిలోకి తీసుకుని, పోస్టాఫీసులో గీతల్లాంటి చేతిరాతలు చదవడానికి కొనుక్కున్న భూతద్దం పెట్టి చూశాడు. ఇంగ్లీషు అక్షరాలు మరీ సన్నగా ఉన్నాయి.

"గిదేందో సదువు బిడ్డా" అన్నాడు.

పిల్ల కూడబలుక్కుంది. "ఎఫ్... ఎల్... యూ... ఓ... ఆర్..."

బాపు గొట్టం గుంజుకుని మళ్లీ చూశాడు. ఆ మాట స్పెల్లింగు ఆయనకు నోటికి వచ్చు. ఎర్ర బోరింగు పక్కన పాతిన బోర్డు మీద రెండు భాషల్లోనూ ఉండేది, పోస్టాఫీసుకు పోతూ వస్తూ ఏళ్ల తరబడి చదివాడు.

"ఓ పిల్లా, ఇగ రా గిటు!" అని నన్ను పిలిచాడు. "పైసలు వెట్టి కొనుక్కొచ్చి మరీ పిల్ల నోట్లె పెడుతున్నవా దీన్ని? మాకు బోరింగుల ముఫత్‌గ దొరికింది గదనే!"

నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే చెప్పాను, నీళ్లలో ఎక్కువై రోజూ కడుపులోకి పోతే ఒంటికి చెడుపని, పేస్టులో ఉండేది కాస్తంతేనని, తోముకుని ఉమ్మేస్తామని, అది పళ్లు పుచ్చకుండా కాపాడుతుందని.

"పాము సిన్నదైనా పెద్ద కట్టెతోనే కొట్టాలె" అన్నాడు బాపు. పేస్టు గొట్టం ఆ పూటే చెత్తబండి ఎక్కింది. మర్నాటి నుంచి ఇంటిల్లిపాదికీ వేపపుల్లలు. ముందు పళ్లు లేని పిల్ల వేపపుల్లను దవడలతో నమలలేక, మేక ఆకు తిన్నట్టు పక్కకు తిప్పుతుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

పాములు పేస్టులోనే ఉంటాయా? భూతద్దం ఇల్లంతా తిరిగింది. షాంపూ పోయి కుంకుడుకాయలొచ్చాయి. మొదటి ఆదివారం కుంకుడు పులుసు కళ్లలో పడి పిల్ల పెట్టిన కేకలకు కింది ఇంటావిడ పరుగున పైకొచ్చి, పాపను ఎందుకు కొడుతున్నారని నన్ను నిలదీసింది. దోమల చక్రాలు పోయి వేపాకు పొగ వచ్చింది. ఆ పొగకు దోమలు కదల్లేదు, ఇంటి ఓనరు మాత్రం రెండు బకెట్ల నీళ్లతో వచ్చాడు. బీరువాలో కలరా ఉండలు తీసేసి నా పట్టుచీరల మడతల్లో వేపరెమ్మలు పెట్టాడు. ఆఫీసులో ఒకరి రిటైర్మెంటుకు ఆ చీర కట్టుకుని వెళ్తే, పక్కన కూర్చున్నావిడ ముక్కు ఎగబీల్చి, "ఇంట్ల ఎవరికన్న అమ్మవారు పోసిందా?" అని మెల్లగా కుర్చీ జరుపుకుంది. ఆ పూట నా చుట్టూ వరసకు వరస ఖాళీ. భోజనాల దగ్గర మాత్రం నాకే ముందు వడ్డించి పంపించేశారు.

అన్నీ భరించాను గానీ, నా తలకు వేసుకునే రంగు పొట్లం కూడా మాయమైన రోజు ఆగలేకపోయాను.

"బాపూ, అది పిల్లది కాదు, నాది!"

"దాని మీద ఏమని రాసిన్రో సదివినవా? చేతులకు తగులొద్దు, తొడుగులు ఏసుకోవాలె అని రాసిన్రు. చేతులకే తగులొద్దన్నదాన్ని తలకాయకు పూసుకుంటవా? చేతికంటె తలకాయ లోకువనా నీకు?"

ఆ నెలంతా సగం నలుపు, సగం తెలుపు తలతో ఆఫీసుకు వెళ్లాను. కోపం ఉన్నా ఒక్కటి ఒప్పుకోవాలి. బాత్రూం యాసిడ్ పోయినందుకు నేను లోపల సంతోషించాను. కూల్‌డ్రింకు సీసాలో పోసి వీధి బండివాడు అమ్మేవాడు దాన్ని, అది ఇంట్లో ఉన్నన్నాళ్లూ పిల్ల ఎప్పుడు తాగేస్తుందోనని నాకు భయమే.

భూతద్దం తగలని వస్తువు ఇంట్లో ఒక్కటే, బాపు బీడీకట్ట. అమ్మ ఊరుకుంటుందా?

"ఊరందరికి సుద్దులు చెప్తున్నవ్, మరి గా బీడీలో?"

"దాని మీద సచ్చే రోగం బొమ్మ గింత పెద్దగ ఏసిన్రు. ఉన్నదున్నట్టు చెప్తది బీడీ. మోసం లేదు" అన్నాడు బాపు. "చెప్పకుండ సంపేదే అసలు మోసం."

"నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు" అని అమ్మ గిన్నెలు ఎత్తేసింది. బాపు పట్టుదలలో ఒక్క మంచి ఉంది. పిల్లకు ఏది కొత్తగా పెట్టాలన్నా ముందు తాను తిని, తాగి, పూసుకుని చూసేవాడు. "ముందుగాల నాకు" అనేది ఆయన రూలు. కుంకుడు పులుసు కూడా ముందు తన కళ్లలోనే పోసుకుని చూశాడు, రెండు రోజులు ఎర్రటి కళ్లతో తిరిగాడు.

ఇంతలో వానాకాలం వచ్చింది. పిల్ల ఒకరోజు నల్లా నీళ్లు తాగబోయి, మందు వాసన వస్తున్నాయని మొహం చిట్లించింది. బాపు వాసన చూశాడు. బ్లీచింగ్ పౌడరు. వానలకు కొంచెం ఎక్కువ కలిపి ఉంటారు. పాపం, ఆ రోజు ఆయన అవస్థ చూడాల్సిందే. కృష్ణ నీళ్లంటే ఆయనకు దేవుడితో సమానం. మొదటిసారి నల్లా వచ్చినప్పుడు దానికి పసుపు పూసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టిన మనిషి. ఆ దేవుడి దగ్గరే మందు వాసన వస్తుంటే ఎవరితో చెప్పుకుంటాడు? సాయంత్రం దాకా నల్లా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

చివరికి ఉపాయం తట్టింది. నీళ్లను మూత తీసి ఎండలో పెడితే ఆ వాసన పోతుంది. డాబా మీద కుండ పెట్టాడు, కోతులు పగలగొట్టాయి. అమ్మ తన స్టీలు బిందె ఇవ్వనంది. బజారులో కొత్త ప్లాస్టిక్ డబ్బా మూత తీసి ముక్కు లోపల పెట్టి చూశాడు, కొత్త వాసన వస్తుందని షాపువాడికి తిరిగి ఇచ్చేశాడు. ఇక లాభం లేదని బస్సెక్కి ఊరికి పోయి, మా చిన్నాయిన పత్తిచేను దగ్గర నుంచి ఒక నీలం డబ్బా పట్టుకొచ్చాడు. కూలివాళ్లకు నీళ్లు మోసే డబ్బా. ఎండకు ఎండి, వానకు తడిసి, ఏ వాసనా లేకుండా ఉంది. బాపు భూతద్దం పెట్టి చుట్టూ తిప్పి చూశాడు. ఒక్క అక్షరం లేదు.

"గిట్లుండాలె వస్తువంటే" అన్నాడు నాతో. "ఒక్క మందు పేరన్న ఉన్నదా దీని మీద?"

నేను ఆఫీసు తొందరలో ఉండి, బాగుంది బాపూ అన్నాను. అమ్మ మోకాళ్ల నొప్పులతో డాబా ఎక్కదు కాబట్టి ఆ డబ్బాను చూడనే లేదు. బాపు నీళ్లు నింపి ఎండలో పెట్టాడు.

ఆ శనివారం మిరపకాయలు ఆరబోయడానికి అమ్మ ఎలాగో మెట్లెక్కి వచ్చింది. నేను వెనకే చాట పట్టుకుని ఉన్నాను. బాపు అప్పుడే గ్లాసు దించి మూతి తుడుచుకుంటున్నాడు.

"వాసన లేదు, రుచి లేదు, మంచిగున్నయ్" అన్నాడు. "ఇగ పిల్లకు పోయొచ్చు."

అమ్మ డబ్బా మూతి చూసింది. పట్టుకునే పిడి చూసింది. చాట నా చేతిలో ఉండబట్టి సరిపోయింది గానీ, ఆమె చేతిలో ఉంటే ఆ మిరపకాయలు కింది వీధిలో పడేవి.

"ఏడికెల్లి తెచ్చినవయ్యా దీన్ని?"

"తమ్ముని చేనుకాడికెల్లి. కూలోళ్లు గిందులనే తాగుతున్నరు."

"ఓ నా దేవుడా! గిది పత్తికి కొట్టే మందు డబ్బా! ఊళ్లె ఉన్నప్పుడు నేను కడిగింది ఎడ్లకు కుడితి పోయనీకి, మనుషులు తాగనీకి కాదు!"

"మందు డబ్బా అయితే చీటి ఉండాలె గదనే?"

"ఉండె! పుర్రె బొమ్మ సూసి పిల్లలు జడుసుకుంటున్నరని నేనే కొడవలి మొనతోని గీకిన!"

మా దిక్కు మందు డబ్బా ఖాళీ అయితే పారేసే అలవాటు లేదు. బూడిదతో, చింతపండుతో తోమి, కడిగి దేనికో ఒకదానికి వాడతారు. నేను చిన్నప్పుడు స్నానం చేసిన చెంబు కూడా అలాంటి డబ్బా కోసి చేసిందే. అందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టు, ఇల్లంతా భూతద్దంతో గాలించినాయన, చీటి లేదని చెప్పి ఆ ఒక్కదాన్నీ నమ్మాడు. నాకు అప్పుడు నవ్వు రాలేదు. ఇంకో పది నిమిషాలైతే ఆ గ్లాసు నా బిడ్డ చేతికి వెళ్లేది.

పిల్లను కింది ఇంటావిడకు అప్పగించి, ఆటోలో దవాఖానకు పరుగు. అమ్మ ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మందు తాగినవాళ్లతో పాటు డబ్బా కూడా తీసుకుపోవాలి, డాక్టరు అది చూసి విరుగుడు ఇస్తాడు. ఈ సంగతి మా పత్తి ఊళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు, తెలియకపోతే బాగుండేది. అందుకే, వంగిన కాళ్ల ముసలాయనా, వెనక నీలం డబ్బాతో ముసలామే దవాఖాన వరండాలోకి రాగానే జనం రెండు పక్కలకు జరిగి దారిచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ నన్నే చూశారు.

డాక్టరు చిన్నవాడు. "ఏం తాగిన్రు తాతా?"

"నీళ్లు."

"నీళ్లు తాగితే ఇక్కడికి ఎందుకొచ్చిన్రు?"

అమ్మ డబ్బా చూపించింది. ఆయన అటు తిప్పి, ఇటు తిప్పి చూసి, "ఏ మందుది? లేబుల్ ఏది?" అన్నాడు. బాపు కళ్లు మూసుకున్నాడు. నేను చిన్నాయినకు ఫోన్ చేశాను. "ఏ మందని చెప్పాలె బిడ్డా, గా యేడు దుకాణపాయన ఇచ్చినయన్ని కొట్టినం" అన్నాడు ఆయన. "మరి మేమందరం గందులనే తాగుతున్నం గదా, మాకేమైంది?" అలాంటి డబ్బాలు ఇంకా ఉంటే పారెయ్యి, కూలివాళ్లకు వాటిలో నీళ్లు పొయ్యొద్దు అని అరిచినంత పని చేశాను.

బాపును ఒక మంచం మీద పడుకోబెట్టి, సూది గుచ్చి, సెలైన్ పెట్టారు. పక్క మంచం మీద జ్వరంతో ఉన్న మొగుడికి కాపలాగా ఒకావిడ కూర్చుని ఉంది. కాసేపు నీలం డబ్బాను చూసింది, నన్ను చూసింది, తర్వాత బాపు దగ్గరికి జరిగింది.

"ఏం కష్టమొచ్చిందయ్యా పెద్దాయినా? పానం తీసుకునేటంత కష్టమేమొచ్చింది?"

"నేను సావనీకి తాగలేదమ్మా!" అన్నాడు బాపు. "మనవరాలి పండ్ల కోసం తాగిన!"

ఆవిడ అయ్యో అని బుగ్గ మీద చెయ్యి వేసుకుంది. "మతి గూడ పోయింది. బిడ్డ ఇంట్లనే ఉంటున్నడా?" అని అమ్మను అడిగింది. అవునని అమ్మ తలూపింది. ఇక నన్ను చూసిన చూపుకు నేను ఉన్నచోటే సగమైపోయాను. "అన్నం పెడుతదా మంచిగ?" అని కూడా అడిగింది. మా అమ్మ, కన్నతల్లి, వెంటనే పెడుతుందని చెప్పకుండా, "పెడుతది గని, వేపపుల్లలకు జర మొహం మాడ్చుకుంటది" అంది. ఆవిడకు ఇక నా మీద ఏ అనుమానమూ మిగల్లేదు.

మధ్యాహ్నానికి రిపోర్టులు వచ్చాయి. ఏమీ లేదు, పాత డబ్బా, బాగా కడిగింది, సాయంత్రం దాకా ఉంచుకుని పంపిస్తామన్నాడు డాక్టరు. నేను మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. బాపు మాత్రం వదలలేదు. తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని, "సార్, పేస్టుల ఫ్లోరైడ్ ఉంటది, పిల్లకు పెట్టొచ్చునా?" అని అడిగాడు.

"మీ ఇంట్ల ఏం నీళ్లు తాగుతున్నరు?"

"కృష్ణ నీళ్లు."

"ఇంకేం మరి. బఠాణీ గింజంత పెట్టి తోమించి, ఉమ్మెయ్యమనండి. మింగొద్దు."

"గా మాట ముందే ఎవరన్న చెప్తే అయిపోయేది గద" అన్నాడు బాపు నా వైపు తిరిగి. నేను పళ్లు కొరుక్కున్నాను.

సాయంత్రం మా ఆయన పిల్లను తీసుకుని వచ్చాడు. అది గది గుమ్మంలోంచే అరిచింది. "తాతా, వచ్చింది!" మంచం ఎక్కి, రెండు వేళ్లతో పైపెదవి పైకెత్తి చూపించింది. చిగురును చీల్చుకుని సన్నటి అంచు బయటికి వచ్చింది. బాపు చెయ్యి జేబులోకి వెళ్లింది, భూతద్దం ఇంట్లో ఉండిపోయింది. నేను ఫోన్ లైటు వేశాను.

"తెల్లగున్నదా?" అన్నాడు. "నాకు సరిగ కనిపిస్తలేదు. నువ్వు సూసి చెప్పు."

ఆయన కళ్లలో నీళ్లున్నాయి. ఇన్నాళ్లూ ఏ వస్తువు మీద ఏం రాసి ఉందో తానే చదివి చెప్పిన మనిషి, ఇది మాత్రం చదవడానికి భయపడ్డాడు.

"తెల్లగుంది బాపూ" అన్నాను. "మంచి బియ్యపు గింజ లెక్క ఉంది."

నాకు ఏడుపు ఆగలేదు. పక్క మంచం ఆవిడ, "ఇప్పుడు ఏడ్చి ఏం లాభం బిడ్డా, ముందుగాలనే మంచిగ అర్సుకోవాలె" అంది.

పిల్ల ఇదేమీ పట్టించుకోలేదు. తాత మొహంలోకి వంగి చూసింది. "తాతా, మరి నీయి ఎందుకు గట్లున్నయ్?"

ఈ మాట ఆయన్ను ఇంట్లో ఎవరమూ ఎప్పుడూ అడగలేదు. చెయ్యి అలవాటుగా తువ్వాల మీదికి వెళ్లి, అక్కడే ఆగింది.

"నా చిన్నప్పుడు మా ఊరి బోరింగుకు చీటి లేకుండె బిడ్డా" అన్నాడు. "సల్లగున్నయని తాగినం."

"ఏదీ, నోరు తెరువు" అంది పిల్ల.

బాపు నోరు తెరిచాడు. అది ఒక్కో పన్నునూ వేలితో తడిమి, "కాల్చిన మక్కలు!" అంది. అంతే, బాపు పగలబడి నవ్వాడు. తువ్వాల జారి కింద పడింది, తీసుకోలేదు. ఫోన్ నా చేతిలోనే ఉంది. ఆ ఫొటో ఇప్పుడు మా హాల్లో గోడకు ఉంది. బాపు నోరంతా తెరిచి నవ్వుతుంటాడు, వెనక స్టూలు మీద మా అమ్మ, ఆమె ఒళ్లో ఆ నీలం డబ్బా.